తోక ముక్కలూ గోడ కన్నమూ

ఆ రోజు పొద్దున వదినగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పెద్ద పథకాలు వేసే ఓపిక ఆవిడకు ఎప్పుడో అయిపోయింది. ఫ్రీజరు తలుపు తీయడం, అందులోని నాలుగు పెట్టెలు తీసి థర్మాకోల్ డబ్బాలో సర్దడం, చుట్టూ ఐసు పోయడం, రెండు వీధుల అవతల ఉన్న ఇంటికి పట్టుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టడం, సాయంత్రం మళ్ళీ తెచ్చి యథాస్థానంలో పెట్టడం. అంతే. వైర్ల మరమ్మతు కోసం పరిశోధనాలయం ప్రాంగణమంతా కరెంటు తీసేస్తామని ముందురోజే తలుపు మీద కాగితం అంటించి వెళ్ళారు కాబట్టి ఈ మాత్రమైనా తప్పలేదు. పెట్టెలు ఇల్లు చేరాక మధ్యాహ్నం ఒక కునుకు తీయవచ్చని కూడా ఆవిడ లోలోపల ఆశపడింది.

నిజానికి ఆ పరిశోధనాలయంలో ఆవిడ ఒక్కరికే వదిన. పక్క గదిలో పనిచేసే శాస్త్రవేత్త ఆవిడ భర్తకు స్వయానా తమ్ముడు. ఆయన "వదినా, వదినా" అని పిలవగా పిలవగా ఆ పిలుపు అందరికీ అంటుకుంది. గుమాస్తాలు, ఊడ్చేవాళ్ళు, ఎలక్ట్రీషియను, అందరికీ ఆవిడ వదినగారే. వయసులో పెద్దవాడైన డైరెక్టరు కూడా పరాకున రెండు మూడు సార్లు "వదినగారూ" అని నాలుక కరుచుకున్నాడు. తర్వాత తర్వాత కరుచుకోవడం మానేశాడు.

వదినగారు చేసే పని చేపల చుట్టరికాలు తేల్చడం. ఏటి ఎగువన దొరికే చుక్కల చేపకు దిగువన దొరికే చుక్కల్లేని చేప ఏమవుతుంది? ఒకే వంశమా, దూరపు బంధువులా, లేక ఒకే నీళ్ళు తాగుతున్నాయే తప్ప ఒకరికొకరు ఏమీ కారా? పైకి చూస్తే తెలియదు. అందుకని పట్టిన ప్రతి చేప తోక అంచు నుంచి గోరంత ముక్క కత్తిరించి, స్పిరిట్ పోసిన చిన్న గొట్టంలో వేసుకుని, చేపను మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తారు. ఆ ముక్కలోంచి జన్యువులు తీసి పక్కపక్కన పెట్టి పోలిస్తే చుట్టరికం బయటపడుతుంది. ఆవిడ పదేళ్ళకు పైగా మోకాళ్ళ లోతు బురదలో నిలబడి పోగుచేసిన ముక్కలు అవి. ఆ తర్వాత ఏటికి అడ్డంగా ఆనకట్ట లేచింది. ఎగువ మడుగులన్నీ నిండా మునిగాయి. చుక్కల చేప మళ్ళీ ఎవరి వలలోనూ పడలేదు. ఇప్పుడు ఆ చేప ఈ లోకంలో మిగిలి ఉన్నది వదినగారి ఫ్రీజరులోనే. ఆ ముక్కలు పాడైతే ఆవిడ బతుకులో పదేళ్ళు పాడైపోయినట్టే, వాటిని మళ్ళీ తెచ్చుకునే దారి లేదు.

అందుకే ఆ ఫ్రీజరుకు జరిగినన్ని మర్యాదలు ఇంట్లో ఆవిడ భర్తకు కూడా జరగలేదు. "తలుపు తెరవరాదు" అని ఎర్రసిరాతో రాసిన అట్ట ఒకటి దాని మీద శాశ్వతంగా వేలాడుతూ ఉంటుంది. తెరిచే అధికారం ఒక్క టీచరుగారికే ఉంది. ఆవిడ పగలు బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రాలు వచ్చి వదినగారి దగ్గర పరిశోధన చేసుకుంటుంది. పరీక్షకు కావలసిన ముక్కలు ఆవిడే తీసుకుంటుంది, ఆవిడే మూసేస్తుంది. వదినగారు మాత్రం ఎండాకాలం నుంచి తలుపు మీద చెయ్యి వేయలేదు. చల్లదనం పోతుందని ఆవిడ భయం. ఎండాకాలంలో మెకానిక్కు వచ్చి ఏదో బిగించి వెళ్ళిన దగ్గర్నుంచీ ఫ్రీజరు బుద్ధిగా మారిపోయింది. అంతకుముందు గురకపెట్టే మనిషిలా గదంతా అదరగొట్టేది, ఇప్పుడు చప్పుడే లేదు. దాని పచ్చలైటు ఎన్నడో మాడిపోయింది. లైటు మార్చమంటే ఫ్రీజరే మార్చాలన్నారు, ఫ్రీజరు మార్చమంటే నిధులు లేవన్నారు. వదినగారు ఏటా అడుగుతూనే ఉంది, వాళ్ళు ఏటా లేవంటూనే ఉన్నారు.

ఇక మరిది సంగతి. ఆయన పని పొడులు నూరడం. జింకు ఆక్సైడనే తెల్లపొడిలో రవ్వంత వేరే లోహం కలిపి, బిళ్ళలుగా నొక్కి, కొలిమిలో కాల్చి, వాటిలోంచి కరెంటు ఎలా నడుస్తుందో కొలుస్తాడు. స్వచ్ఛమైన పొడి ఎందుకూ పనికిరాదు, లెక్కప్రకారం కల్తీ చేస్తేనే అది మంచి అర్ధవాహకం అవుతుందని ఆయన సిద్ధాంతం. "కల్తీ చేసినందుకు జీతమిచ్చే ఉద్యోగం లోకంలో ఇదొక్కటే వదినా" అని నవ్వుతాడు. అలాంటి మనిషికి తాను కలపని కల్తీ అంటే మహా భయం. వదినగారు జన్యువుల పరీక్షకు వాడే ఉప్పునీటి తుంపర ఒక్కటి తన పొడిలో పడితే కొలతలన్నీ తప్పుతాయి. ఆయన లోహపు ధూళి వదినగారి గొట్టాల్లో పడితే జన్యువుల పరీక్ష మొరాయిస్తుంది. అందుకని ఇద్దరూ ఒకరి గడప ఒకరు తొక్కరు.

అయితే ఫ్రీజరుకు పట్టే పెద్ద సాకెట్టు ఆ వైపున మరిది గదిలో ఒక్కటే ఉంది. అందుకని గోడకు కన్నం కొట్టి, ఆ కన్నంలోంచి ఫ్రీజరు వైరు అటు పంపారు. ఆ సాకెట్టు మీద మరిదికీ ఆశ ఉంది. దాన్ని తన పెద్ద కొలిమికి వాడుకుంటే పని సగం సమయంలో అయిపోతుంది. కానీ వదిన పెద్దది, ఆవిడ చేపలు ఇంకా పెద్దవి. ఆయన చిన్న కొలిమితో సరిపెట్టుకున్నాడు. వైరు పోగా కన్నంలో మిగిలిన సందులోంచి ఇద్దరూ అవసరమైనప్పుడు మాట్లాడుకుంటారు.

ఆ పొద్దున వదినగారు ముందు నేలమాళిగలో ఉన్న ఐసు యంత్రం దగ్గరికి వెళ్ళింది. అది రాత్రే మొండికేసిందట. లోపల చూస్తే అరచెయ్యంత ఐసు, దాని మీద ఎవరిదో మంచినీళ్ళ సీసా. ఆవిడ ఉసూరుమంటూ మెట్లెక్కి వచ్చి, గోడ దగ్గర స్టూలు మీద కూలబడి, కన్నానికి నోరు ఆనించింది.

"ఏమయ్యా, ఉన్నావా?"

"ఉన్నా వదినా. చెప్పండి."

"ఐసు యంత్రం మూలపడింది. నీ దగ్గర చల్లగా ఏమైనా ఉంటే ఇటు పంపు. అది దగ్గర లేందే ఫ్రీజరు తలుపు తీయను."

అవతల ఏదో మూత తీసి పెట్టిన చప్పుడైంది. తన గది గిన్నెలూ చెంబులూ బయటికి ఇవ్వాలంటే మరిదికి ప్రాణం ఒప్పదులే అనుకుంది వదినగారు. అసలు సంగతి వేరు. నెలంతా తిరిగితే ఆ పొద్దునే ఆయనకు ఒక క్యాను ద్రవ నైట్రోజను దొరికింది. బిళ్ళల్ని అందులో ముంచి బాగా చల్లబరిచి, కరెంటు పోకముందే కొలతల గదికి వెళ్ళి కొలవాలి. ఆ యంత్రం మీద ఆయన వంతు రావడం నైట్రోజను దొరకడం కన్నా కష్టం. కానీ వదిన ఎన్నడూ నోరు తెరిచి ఏదీ అడగని మనిషి. ఇంత తెల్లారే అడిగిందంటే ఎంత ఇరకాటంలో ఉందో అనుకున్నాడు ఆయన.

"నైట్రోజను ఉంది వదినా. నా గుమ్మం బయట పెడతాను, తీసుకోండి."

"నీకు అక్కర్లేదూ?"

"నాదేముంది వదినా, ఎప్పుడైనా చేసుకోవచ్చు."

ఆయన క్యానులోంచి ఎప్పుడు చూసినా తెల్లటి పొగ బుసబుస వస్తూనే ఉంటుంది కాబట్టి, అది ఆయన దగ్గర పుట్లకొద్దీ ఉంటుందనే వదినగారి నమ్మకం. మొహమాటపడకుండా తీసుకుంది. తీసుకుని భర్తకు ఫోను చేసింది.

"ఏవండీ, ఫ్రిజ్‌లో పై అర ఖాళీ చేసి ఉంచండి. నా పెట్టెలు తెస్తున్నాను."

"ఏం పెట్టెలు?"

"చేపలవి. నాలుగు."

"నాలుగు పెట్టెల చేపలే! పై అర ఏం సరిపోతుంది? నాకొదిలెయ్, నేను చూసుకుంటా."

ఆయన ఉద్యోగ విరమణ చేసిన దగ్గర్నుంచీ ఎవరైనా పని చెబుతారేమోనని ఎదురుచూస్తూ ఉంటాడు. ఆ గొంతులో హుషారు వినగానే వదినగారికి అనుమానం వేసింది. మళ్ళీ ఫోను చేసి వివరంగా చెబుదామనుకుంది, కానీ వివరాలు చెప్పడానికి కూడా ఓపిక కావాలి కదా.

ఇంతలో మరిది తన వంతు వదులుకుంటున్నట్టు డైరెక్టరుకు కబురు చెప్పాడు. చెప్పకుండా మానేస్తే మర్యాద కాదు. "ఈ రోజు కొలత కుదరదు సార్. వదిన చేపలు పాడైపోయేలా ఉన్నాయి. నైట్రోజను అంతా అటు వదిలేశాను" అన్నాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కానీ డైరెక్టరు చేపల మనిషీ కాదు, పొడుల మనిషీ కాదు. లెక్కల్లోంచి వచ్చి కుర్చీలో కూర్చున్నవాడు. పై అంతస్తులో పెట్టెలకొద్దీ చేపలు కుళ్ళిపోయాయని, ఆ కంపు తట్టుకోలేక పక్క గదాయన ఏదో వాయువు వదిలాడని ఆయనకు అర్థమైంది.

"ఎవరూ ఆ అంతస్తుకు వెళ్ళొద్దు! శుభ్రం చేసేవాళ్ళను పంపండి. బ్లీచింగు బాగా కలపమనండి. అంతా అయ్యేదాకా కరెంటు తీయొద్దని చెప్పండి, ఫ్యాన్లు తిరగాలి" అని ఊపిరి తీసుకోకుండా ఆజ్ఞలు వేశాడు.

వదినగారు చేతులకు తొడుగులు వేసుకుని, థర్మాకోల్ డబ్బా దగ్గర పెట్టుకుని, ఇక తలుపు తీద్దామనుకునేసరికి గుమ్మంలో నలుగురు నిలబడ్డారు. ముక్కులకు తువ్వాళ్ళు, చేతుల్లో బకెట్లు.

"తప్పుకోండి వదినగారూ. గది కడగమన్నారు."

"ఇప్పుడెందుకు? ఏముంది బకెట్లో?"

"బ్లీచింగు నీళ్ళండీ. ఘాటుగానే కలిపాం."

ఆ మాట వినగానే వదినగారి అలసట ఎగిరిపోయింది. జన్యువులకు ఆ నీళ్ళను మించిన శత్రువు లేదు. బల్ల మీద చుక్కపడితే ఆ బల్ల మీద పెట్టిన గొట్టాన్ని కూడా అనుమానించాల్సిందే. ఆవిడ రెండు చేతులూ చాచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నా ప్రాణం ఉండగా ఆ బకెట్టు గడప దాటదు!"

"అంత పాడయ్యాయా అమ్మా?" అన్నాడు ముందున్నవాడు జాలిగా.

"ఏవి?"

"చేపలు."

"ఎవరు చెప్పారు పాడయ్యాయని? మీరిక్కడే నిలబడితే పాడవుతాయి. తలుపు తీయనివ్వరు, పని చేసుకోనివ్వరు!"

వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పాపం, పదేళ్ళ కష్టం కదా, ఒప్పుకోలేకపోతోంది అనుకున్నారు. అందులో ఒకడు తువ్వాలు కాస్త పక్కకు తీసి వాసన చూసి, "అబ్బో" అన్నాడు. అక్కడ ఏ వాసనా లేదు. అయినా వాడు "అబ్బో" అన్నాక మిగతావాళ్ళకూ వాసన వచ్చింది. వరండా చివర నిచ్చెన వేసుకుని నిలబడ్డ ఎలక్ట్రీషియను కూడా ముక్కు మూసుకుని, "వదినగారూ, ఇంతకీ నన్ను కరెంటు తీయమంటారా, వద్దంటారా?" అని అరిచాడు.

"ఆగవయ్యా బాబూ! ఫ్రీజరు ఖాళీ చేసేదాకా ఆగు!"

"డైరెక్టరుగారూ ఆగమన్నారు. ఎందాకా ఆగాలో ఎవరూ చెప్పరు" అని అతను నిచ్చెన మెట్టు మీదే కూర్చున్నాడు.

అప్పుడు ఫోను మోగింది. ఒక చేత్తో గుమ్మం పట్టుకుని, రెండో చేత్తో ఎత్తింది.

"ఏర్పాట్లు బ్రహ్మాండంగా జరిగిపోయాయి!" అన్నాడు భర్త. "మన ఫ్రిజ్ మొత్తం ఖాళీ చేసేశాను. కూరగాయలన్నీ పక్కింటివాళ్ళకు ఇచ్చేశాను. అయినా చాలదనిపించి కింద ఐస్‌క్రీం కొట్టాయన్ని అడిగాను. పెద్ద ఫ్రీజరు కదా, ఖాళీ చేసి ఇస్తానన్నాడు. మంచి మనిషి. ఐస్‌క్రీంలు కరిగిపోతాయని వీధిలో పిల్లలందరికీ పంచుతున్నాడు."

"అయ్యో, ఎవరు చేయమన్నారండీ అదంతా?"

"ఎవరూ చేయమనక్కర్లేదు, అందరూ సాయం చేస్తున్నారు. పదేళ్ళుగా పట్టిన చేపలు తెస్తోందని చెప్పాను. ఇరుగుపొరుగు గిన్నెలు పట్టుకుని వచ్చేశారు. ఇంతకీ ఎంతమందికి సరిపోతాయి?"

వదినగారు కళ్ళు మూసుకుంది. "ఏవండీ, ఒక్కో చేప నుంచి గోరంత తోక ముక్క. అదీ స్పిరిట్‌లో."

అవతల భర్త జనానికి దూరంగా జరిగాడు. తర్వాత మెల్లగా, "ఆ సంగతి నేను చెప్పలేనే. వచ్చి నువ్వే చెప్పు. మెట్ల మీద కూడా నిలబడ్డారు" అన్నాడు.

ఫోను పెట్టేసేసరికి వరండా చివర డైరెక్టరు ప్రత్యక్షమయ్యాడు. ముక్కుకు జేబురుమాలు, నుదుట చెమట. అంత దూరంలోనే ఆగి, "అమ్మో, ఏం కంపు! కింది అంతస్తు దాకా వస్తోంది!" అన్నాడు.

"సార్, ఇక్కడ ఏమీ కుళ్ళలేదు. అన్నీ ఫ్రీజరులో భద్రంగా ఉన్నాయి."

"అలాగైతే తెరిచి చూపించండి."

"తెరిస్తే చల్లదనం పోతుంది సార్. వీళ్ళను పంపించండి, నేను ఇంటికి చేరుస్తాను."

"వదినగారూ, నాకు ఫిర్యాదు వచ్చింది. నా కళ్ళతో చూడకుండా నేను కదలను. తెరిచి చూపించకపోతే అన్నీ బయట పారేయించి గదికి తాళం వేయిస్తాను. ఆ తర్వాత నన్ననకండి."

ఫిర్యాదా? ఎవరు చేశారు? వదినగారు గోడ కన్నం వైపు చూసింది. కన్నంలో ఒక కన్ను కనిపించింది, వెంటనే మాయమైంది. తన సొంత మరిది, తన పెళ్ళినాటికి చొక్కా గుండీ పెట్టుకోవడం రాని పిల్లవాడు, తన మీద ఫిర్యాదు చేశాడా? ఆవిడకు కోపం కన్నా నీరసం ఎక్కువ వచ్చింది. సరే, ఎంత జాగ్రత్త చేసుకున్నా ఇంతే అనుకుంటూ నైట్రోజను క్యాను దగ్గరికి లాగింది. తేలిగ్గా వచ్చేసింది. మూత తీసి చూస్తే అడుగున అరచెంబు కూడా లేదు. ఆ సరుకు ఎవరి కోసమూ ఆగదు. వీళ్ళందరూ మధ్యాహ్నం దాటేదాకా గుమ్మంలో వాదించుకుంటూ ఉండగానే ఆవిరైపోయింది.

ఆవిడ ఎర్ర అక్షరాల అట్ట పక్కకు జరిపి, ఊపిరి బిగబట్టి, తలుపు లాగింది.

చల్లగాలి రాలేదు. తెల్లటి పొగ రాలేదు. మూసిపెట్టిన బీరువా తెరిచినట్టు గోరువెచ్చటి గాలి, దాంతోపాటు స్పిరిట్ వాసన గుప్పుమని మొహానికి కొట్టింది.

"ఇదే! ఇదే ఆ కంపు!" అన్నాడు డైరెక్టరు గర్వంగా.

వదినగారు చెయ్యి లోపల పెట్టి గోడలు తడిమింది. ఎక్కడా తడి కూడా లేదు. మంచు కరిగి, ఆ నీరు కూడా ఆరిపోయి ఎన్నాళ్ళయిందో. ఆవిడ వంగి, గోడ కన్నంలోంచి వెళ్ళే వైరు పట్టుకుని మెల్లగా లాగింది. అవతల అది దేనికీ తగులుకుని లేదు. అడుగు అడుగుగా ఇటు వచ్చేసింది. చివర్న దుమ్ము పట్టిన ప్లగ్గు కన్నానికి అడ్డంపడి టక్కుమంది.

"ఏమయ్యా," అంది ఆవిడ కన్నంలోకి, చాలా మెల్లగా. "ఈ ప్లగ్గు ఎందుకు ఊడి ఉంది?"

అవతల మరిది కన్నం దగ్గరికి వచ్చాడు. "ఎండాకాలంలో పెద్ద కొలిమి ఒక్క పూట వెలిగించుకుంటానని మిమ్మల్నే అడిగాను వదినా. తలుపు తీయకపోతే ఒక్క పూటకు ఏమీ కాదు, కానీయమన్నారు."

"ఒక్క పూటన్నాను! తర్వాత?"

"కాల్చడం అయిపోగానే, అయిపోయింది వదినా, అని చెప్పాను కదా."

"చెబితే? మళ్ళీ పెట్టేశావనుకున్నాను!"

"మీ ఫ్రీజరు మీద నేను చెయ్యి వేయడమేమిటి వదినా! మీరు వచ్చి పెట్టుకుంటారని, సాకెట్టు ఖాళీ చేసి, కొలిమిని కూడా పక్కకు జరిపాను. మీరు పెట్టుకునే ఉంటారనుకున్నాను."

"నేనెప్పుడైనా నీ గడప తొక్కానా?"

"లేదు వదినా. నేనూ మీ గడప తొక్కలేదు."

అదే వారంలో మెకానిక్కు వచ్చి వెళ్ళాడన్న సంగతి అప్పుడు వదినగారికి గుర్తొచ్చింది. ఫ్రీజరు బుద్ధి తెచ్చుకున్నది అప్పుడే. ఇన్నాళ్ళూ పొద్దున్నే వచ్చి దాని వీపు తట్టి, ఎంత నెమ్మదిగా పనిచేస్తోందో అని మురిసిపోయింది. ఆవిడ స్టూలు మీద కూర్చుంది. ఏడుపు వస్తే బాగుండును, రాలేదు. ఏరు కనిపించింది. మోకాళ్ళ దాకా బురద, చేతిలో జారిపోయే చుక్కల చేప, పక్కన మరిది. ఆ రోజుల్లో అతనూ సెలవుల్లో వచ్చి వల పట్టేవాడు. మళ్ళీ వెళ్ళి పట్టుకుందామంటే ఆ ఏరు లేదు, ఆ చేప లేదు, ఆ మోకాళ్ళూ లేవు.

"పోయాయయ్యా," అంది గోడతో. "అన్నీ పోయాయి."

ఆ గొంతు విని బకెట్ల వాళ్ళు తువ్వాళ్ళు దించారు. డైరెక్టరు జేబురుమాలు జేబులో పెట్టుకున్నాడు. లెక్కల మనిషైనా మనిషే కదా. "వదినగారూ, బాధపడకండి. ఏళ్ళ తరబడి కొత్త ఫ్రీజరు అడుగుతుంటే మేమే పట్టించుకోలేదు. తప్పు మాది. ఇవాళే మంజూరు చేస్తున్నాను. ఇంతకు రెట్టింపుది! వీళ్ళందరూ సాక్షులు" అన్నాడు. అని, ఆవిడ వైపు చూడలేక కిటికీ వైపు తిరిగాడు. మరిది తన జీవితంలో మొదటిసారి ఆ గది గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విప్పి, చేతులు వెనక్కి పెట్టుకుని, లోపలికి రావాలో వద్దో తెలియక అక్కడే నిలబడిపోయాడు.

బడి విడిచిన టీచరుగారు చేతిసంచి, గొడుగు పట్టుకుని వచ్చేసరికి అందరూ అలాగే ఉన్నారు. ఆవిడ ఒక్కొక్కరినీ చూసి, బకెట్లు చూసి, తెరిచి ఉన్న ఫ్రీజరు చూసి కంగారుపడింది.

"ఏమైంది మేడం? ఎవరైనా..."

"ఫ్రీజరు ఎండాకాలం నుంచీ ఆగిపోయి ఉంది" అంది వదినగారు తల ఎత్తకుండా.

"అవును మేడం. అది తెలిసిందేగా?"

వదినగారు తల ఎత్తింది.

"మీరే కదా ఆపించారు?" అంది టీచరుగారు. "ఎండాకాలంలో ఒక రోజు తెరిస్తే వెచ్చగా ఉంది. ముక్కలు లోపలే ఉంచి, అట్ట కూడా తీయకుండా ఆపారు, కన్నంలోంచి చూస్తే వైరు పక్క గదిలో జాగ్రత్తగా చుట్టిపెట్టి ఉంది. ఓహో, స్పిరిట్‌లో ఉన్న ముక్కలు గది వేడిలోనూ నిలుస్తాయా లేదా అని మేడం పరీక్ష పెట్టారనుకున్నాను. నెలనెలా తీసి చూస్తూనే ఉన్నాను. ఒక్కటీ చెడలేదు మేడం. జన్యువుల పరీక్షలో గీతలు ఇదివరకటికన్నా స్పష్టంగా వస్తున్నాయి. మొన్న మీకు అంతా వివరంగా చెప్పాను కూడా. మీరు తల ఊపి, చాలా మంచి ఆలోచన, కానీయమ్మా, అన్నారు."

వదినగారికి ఆ సాయంత్రం లీలగా గుర్తొచ్చింది. టీచరుగారు చాలాసేపు ఏదో చెప్పింది. గది వెచ్చగా ఉంది, కుర్చీ మెత్తగా ఉంది, తల దానంతట అదే ఊగింది.

"చుక్కల చేప?" అంది ఆవిడ.

"అది నిక్షేపంగా ఉంది మేడం. చుక్కల్లేని దానికి దగ్గరి చుట్టమే, కానీ వంశం వేరు. అది కూడా మొన్నే చెప్పాను."

పదేళ్ళకు పైగా వెతికిన జవాబును ఆవిడ కునికిపాట్ల మధ్య ఒకసారి విని, తల ఊపి, ఇంటికి వెళ్ళి పడుకుందన్నమాట. వదినగారికి అప్పుడు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూనే గొట్టం ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూసింది. తోక ముక్క తెల్లగా, గట్టిగా, ఎవరి చలవా అక్కర్లేనట్టు నిలబడి ఉంది. ఇన్నేళ్ళూ తను కాపలా కాసింది చల్లదనాన్నే అని, చేప తన బతుకు తాను చూసుకుంటోందని ఆవిడకు అర్థమైంది. అర్థమయ్యాక భుజాల మీది బరువు కాస్త దిగింది.

"అయితే కొత్త ఫ్రీజరు?" అన్నాడు డైరెక్టరు అయోమయంగా.

"అక్కర్లేదేమో సార్."

"అదెలా కుదురుతుంది? ఇందరి ముందు మాటిచ్చాను" అని ఆయన, పొద్దున మరిది కొలత మానుకున్న సంగతీ చెప్పి, గబగబా మెట్లు దిగిపోయాడు. బకెట్ల వాళ్ళు వచ్చినందుకు వరండా కడిగి వెళ్ళారు. ఎలక్ట్రీషియను నిచ్చెన దిగి, పొద్దుపోయింది కాబట్టి ఇక ఈ రోజు కరెంటు తీయడం లేదని ప్రకటించాడు.

వదినగారు గుమ్మంలో ఉన్న మరిది దగ్గరికి వెళ్ళింది. "నీ కొలత పోయిందటగా?"

"పోతే పోయింది వదినా. మళ్ళీ నెల చూసుకుంటా. మీ మీద నేను ఫిర్యాదు చేయలేదు. నైట్రోజను ఇచ్చానని చెప్పానంతే."

"తెలుసులేవయ్యా. ఎవరి మీదైనా చాడీలు చెప్పే తెలివి నీకెక్కడిది?" అంది ఆవిడ. "ఆ సాకెట్టు ఇక నీదే. పెద్ద కొలిమి పెట్టుకో. అడగకు, చెప్పకు, నాకేమీ వద్దు."

ఆ సాయంత్రం ఇంటి మెట్ల మీద నిలబడ్డ పొరుగువాళ్ళకు వదినగారు ఒక గొట్టం పైకెత్తి చూపించి, పదేళ్ళ చేపలు ఇవే అని చెప్పింది. వాళ్ళు కాసేపు తేరిపార చూసి, ఖాళీ గిన్నెలతో వెళ్ళిపోయారు. పక్కింటావిడ మాత్రం జాలిపడి, పొద్దున ఇచ్చిన కూరగాయల్లో సగం వండి తెచ్చి ఇచ్చింది. భార్యాభర్తలు అదే తిన్నారు. భర్త తింటూ, వచ్చేసారి తనకు ముందే సరిగ్గా చెప్పాలన్నాడు. వదినగారు తల ఊపింది. ఊపి, ఈసారి ఏం విందో ఒకసారి గుర్తుచేసుకుంది.

నెల తిరక్కుండానే కొత్త ఫ్రీజరు వచ్చింది. పెద్ద సాకెట్టులో కొలిమి ఉంది కాబట్టి దాని వైరు కన్నం దాకా వెళ్ళి ఆగిపోయింది. ఎర్ర అక్షరాల అట్ట మళ్ళీ వేలాడదీశారు. ఈ ఫ్రీజరు కూడా చాలా బుద్ధిగా, ఏమాత్రం చప్పుడు లేకుండా పనిచేస్తోంది.